నలిగిన మోదుగు రెక్క

"ఏయ్ ఆగు! పువ్వు మీదికెళ్లి పోయినవ్!"

సైకిల్ బ్రేకు కీచుమంది. బొగ్గు గనిలో కొత్తగా పనికి చేరిన యిర్మియా వెనక్కి తిరిగి చూశాడు. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ల వెనుక, మోదుగు చెట్టు కింద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒడిలో డ్రాయింగు అట్ట, చేతిలో పెన్సిల్, మొహంలో పోలీస్ స్టేషన్.

"చెట్టు నిండ ఉన్నయి గదా. ఒక్కటి పోతే ఏంది?"

"చెట్టు మీదియి నా మోడల్ గాదు. పొద్దటి సంది దీన్నే గీస్తున్న!"

ఎర్రని రెక్క మీద టైరు గీతలు అచ్చుపడ్డాయి. దాన్ని తీసి ఆమె పుస్తకంలో దాచుకుంది.

ఆమె పేరు సువార్త. గనిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే టింబర్‌మన్ దేవసహాయం కూతురు. వాళ్లది ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోకూడదనే క్రైస్తవుల ఇల్లు. ఆమె పూలన్నీ కాగితం మీదే పూసేవి. నెలాఖరుకు కంపెనీ క్లబ్బులో బొమ్మల పోటీ ఉంది. అప్పుడే తండ్రి రిటైర్మెంటు కూడా. బొమ్మ ఆయన కోసమే.

మర్నాడు యిర్మియా గులాబీ పట్టుకొచ్చాడు.

"గులాబీనా? క్యాలెండర్ల మీద తక్కువున్నయా?"

"అందరు మెచ్చేదే గదా!"

"మెచ్చుడు వేరే. బొమ్మల పెట్టిన ప్రతి వస్తువు ఒక మాట చెప్పాలె. రాలిన రెక్క పెడితే అందం నిలవదని. ఆరిన దీపం పెడితే ఆయుష్షు తీరిందని. పాతకాలపు చిత్రకారులు గట్లనే చెప్పిన్రు."

"మరి మోదుగు పువ్వు ఏం చెప్తది?"

"కొమ్మకు ఆకు లేకున్నా మండుటెండల పూస్తది. మా నాయిన గట్లనే. దాని పక్కకు వాడిపోనిది ఒకటి కావాలె. గదే దొరుకుత లేదు."

ఆ తర్వాత కొన్నాళ్లు యిర్మియా కనిపించలేదు. సువార్త చూడాల్సింది పువ్వును. చూపు మాత్రం మాటిమాటికీ రోడ్డు మీదికి పోయేది.

ఒక సాయంత్రం అతను తువ్వాలు మూటతో వచ్చాడు. అందులో పలకలాంటి నల్లరాయి. రాయి మీద ఈనెలతో సహా ఒక ఆకు అచ్చు.

"ఇది వాడదు. మనుషులు పుట్టకముందటి ఆకు."

సువార్త ఈనెల మీద వేలు రాసింది. "ఎక్కడిది?" అని అడిగింది. అప్పుడు ఆమె కళ్లు ఎంత పెద్దవయ్యాయంటే, యిర్మియాకు నిజం చిన్నదిగా కనిపించింది.

"బొగ్గుబాయిల. కప్పు పగిలిన కాడ. అందరు వద్దన్నరు. నేనే పోయి పీక్కొచ్చిన!"

"ఏమన్నవ్?"

వెనుక దేవసహాయం. అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు.

"పగిలిన కప్పు కిందికి ఆటకు పోయినవా? నా జోడీ పోశం గట్లనే పోయి మళ్ల రాలే. పానం మీద భయం లేనోడు నా గడప తొక్కద్దు!"

యిర్మియా నిజం చెప్పబోయాడు. సువార్త తననే చూస్తోంది. రాయి ఆమె దగ్గరే వదిలి సైకిలెక్కాడు.

పోటీ రోజు రానే వచ్చింది. సువార్త బొమ్మలో స్టీలు గ్లాసు, దానిలో మోదుగు కొమ్మ, పక్కన ఆకు రాయి, కింది మూలన ఒక నలిగిన రెక్క. కరీంనగర్ నుంచి వచ్చిన డ్రాయింగు మాస్టారు మెచ్చుకుంటూనే పెదవి విరిచాడు.

"రాయి ఎందుకమ్మా? ఆపిల్ పెడితే రంగు వచ్చేది."

"మా ఇంట్ల ఆపిల్ జరమొస్తేనే కొంటరు సార్," అంది సువార్త తల ఎత్తి. "ఇది మా నాయిన బొమ్మ. పువ్వు మా నాయిన. రాయి ఉంటది."

దేవసహాయం దగ్గరికి వచ్చాడు.

"పువ్వు నేనా బిడ్డా? మరి గీ ఆకు?"

"నీ పని నాయినా. డ్యూటీ దిగినా వాడదు."

ఆయన వంగి మూలకు చూశాడు.

"గీ రెక్క మీద సైకిల్ టైరు గీతలేంది?"

సువార్త చూపు తలుపు వైపు పోయింది. తలుపు దగ్గర నక్కి నిలబడిన యిర్మియా లోపలికి వచ్చాడు.

"గది నేను, కాకా. ఇంకోటి గూడ చెప్పాలె. రాయి బాయిలది గాదు. ఓపెన్‌కాస్టు గని తవ్వి బయట పోసిన మట్టికుప్పల మీద ఎతికెతికి తెచ్చిన. నీ బిడ్డ ముందల గొప్పలు కొట్టిన. పగిలిన కప్పు కిందికి పోయే ధైర్యం నాకు లేదు."

"లేదా?"

"లేదు కాకా. భయం."

దేవసహాయం అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"భయమున్నోడే ఇంటికొస్తడు," అన్నాడు. "అబద్ధమాడినందుకు ఆదివారం అందరికన్న ముందుగాల వచ్చి చర్చిల బెంచీలు ఎయ్యి. ఇంకోటి. ఇగ నన్ను కాకా అనకు. మామా అను."

"మట్టికుప్ప మీద దొరికిందా?" సువార్త అతని మీదికి లేచింది. "ముందే చెప్తే నేను గూడ వస్తుంటి గదా!"

బొమ్మకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఆపిళ్లకే.

అయినా క్లబ్బు మూసేదాకా దేవసహాయం ఆ బొమ్మ పక్కనుంచి కదల్లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఛాతీ విరుచుకుని చెప్పాడు: "పువ్వు నేను!"

రెండో పక్కన నిలబడ్డ యిర్మియా అంతే గర్వంగా అందుకున్నాడు: "రెక్క నేను!"