పొరబడని తాళం

“వచ్చావా తల్లీ!”

తలుపు పలికింది. ఆ వెంటనే గడియ జారిన సన్నని చప్పుడు. లోపలి గదిలో విశారద చేతిలోని పట్టకారు ఆగిపోయింది. ఆ పలకరింపు ఈ లోకంలో ఒక్కరికే. ఆ ఒక్కరూ తనే. తను ఇప్పుడు ఇంట్లోనే, బల్ల ముందు కూర్చుని ఉంది.

కాకినాడలో తాళంచెవులు పోయి పదేళ్లయింది. ఇప్పుడు ప్రతి గుమ్మానికీ కణతాళమే. పలక మీద బొటనవేలు ఆనిస్తే, దోమ కుట్టినంత నొప్పైనా లేకుండా రవ్వంత నెత్తురు తీసుకుంటుంది. అందులోని కణాల అల్లికను చదువుతుంది. యజమాని అయితే, యజమాని కోరుకున్న గొంతుతో పలకరిస్తుంది. విశారద కోరుకున్నది అమ్మ గొంతు. పద్నాలుగో ఏట, ఏడాది పాటు ఆస్పత్రిలో ఉండి ఇల్లు చేరిన రోజున, గుమ్మంలో అమ్మ మాణిక్యాంబ అన్న మాట అది. నాన్న ఫోనులో దాచి ఉంచాడు.

పదిహేనేళ్ల తరువాత ఆ పిల్ల తాళాల పరీక్షకురాలైంది. కొత్త యంత్రం కనబడితే విప్పి చూసిందాకా ఆమెకు అన్నం సహించదు. కణతాళం పొరబడదని సభల్లో పదే పదే చెప్పిందీ ఆమే.

గుమ్మంలో యాభై దాటిన మనిషి నిలబడి ఉన్నాడు. చేతుల్లో బ్యాటరీల పెట్టె, ముఖమంతా చెమట, చొక్కా మీద నలభై ఒకటి అంకె. పేరు తెలిస్తే మనిషి గుట్టంతా తెలిసిపోతుందని జనం పేర్లు దాచుకుంటున్న కాలమది. బట్వాడా పనివారికి అంకెలే.

“నేనేం చెయ్యలేదమ్మా. పెట్టె జారితే పట్టుకోబోయాను, వేలు దాని మీద పడింది. అదే తెరుచుకుంది. పైగా నన్ను పట్టుకుని తల్లీ అంటది!”

లోపలున్న మనిషి మళ్లీ లోపలికి రావడమేమిటని ఇల్లే కావలికి కబురంపింది. భవనం కావలి అధికారి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

“ఏవయ్యా నలభై ఒకటీ, వేలికేం తొడిగావు? తియ్యి.”

“వేలేనండి బాబూ. లాగి చూసుకోండి.”

అధికారి నిజంగానే లాగి చూశాడు. వేలే.

“అయితే దొంగనెత్తురు ఎక్కించుకున్నాడండి. తాళం పొరబడదని మేడమ్ గారే సెలవిచ్చారు. నేను ముందు వరసలో కూచుని విన్నాను. ఆరింటికల్లా వీడి అంకె పైకి పంపేస్తాను.”

పంపితే ద్వారబహిష్కారమే. ఊళ్లో ఏ తలుపూ అతనికి తెరుచుకోదు.

“మా ఇంటిది కూడానాండి? మా ఆవిడ లోపల, నేను బయటానా?”

“పోనీ, ఆవిడకి కాస్త విశ్రాంతి” అన్నాడు అధికారి. ఎవరూ నవ్వలేదు.

తాళం పొరబడిందని విశారద ఒక్క మాట అంటే చాలు, అతను బయటపడతాడు. కాని అది అబద్ధం. పలక మీద చూసింది: పోలిక నూటికి నూరు. ఎంతటి నకిలీ అయినా నూటికి నూరు తాకదు. ఆమె అతని చేతుల వంక చూసింది. కాయలు కాసిన ఆ చేతులు ఇంకా పెట్టెను దించలేదు, పరాయి సొత్తు పగులుతుందేమోనన్నంత భద్రంగా పట్టుకుని ఉన్నాయి.

“ఒక్క గంట ఆగండి” అంది. “మీ వెంట్రుక ఒకటి ఇస్తారా అండీ?”

“ఉన్నవే నాలుగమ్మా” అంటూనే పెట్టెను ఒక చేత్తో పొదివి పట్టుకుని, ఒకటి పీకి ఇచ్చాడు. తనదీ ఒకటి పీకింది. వెంట్రుక కుదురులోని కణాలు పుట్టుకతో వచ్చినవి. నెత్తురు మారినా అవి మారవు.

యంత్రం మెల్లగా చదివింది. అతని నెత్తురూ అతని వెంట్రుకా ఒక్కటే. పొంతన లేనిది ఆమె నెత్తురుకూ, ఆమె వెంట్రుకకూ.

“దొంగనెత్తురు దొరికిందాండి?” అన్నాడు అధికారి.

“దొరికింది. నాదే.”

పద్నాలుగో ఏట ఆమెకు పరాయి మనిషి ఎముకల్లోని మూలుగ ఎక్కించారు. ఆనాటి నుంచి ఆమె ఒంట్లో నెత్తురు పుట్టించేది ఆ మూలుగే. ఇచ్చిన వారెవరో చట్టం చెప్పనివ్వదు. రోజూ ఆ నెత్తురుతోనే తలుపు తీసుకుంటూ, అది తనది కాదన్న సంగతి మరిచిపోయింది.

“మీరెప్పుడైనా మూలుగ ఇచ్చారా అండీ?”

“ఒక్కసారమ్మా. పదిహేనేళ్లవుతుంది. ఎవరో పిల్లన్నారు. వారం రోజులు నడుం పట్టేసింది. మా ఆవిడ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.” అతను ఆగాడు. “ఆ పిల్ల బతికిందో లేదో చెప్పరంటమ్మా, రూలంట. పేరు తెలీక, ఆదివారం ప్రార్థనలో ‘ఆ పిల్ల’ అనే అడుగుతుంటాను, ఇప్పటికీ.”

విశారద గుమ్మం దగ్గరికి నడిచింది. తన బొటనవేలు పలక మీద ఆనించింది. వచ్చావా తల్లీ, అంది తలుపు. అతని పెట్టె దించి, అతని చెయ్యి పట్టుకుని బొటనవేలు ఆనించింది. వచ్చావా తల్లీ, అంది తలుపు.

అతను తలుపు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం కప్పుకున్నాడు.

అధికారి టోపీ తీసి చేత పట్టుకున్నాడు. “దొంగతనం అనో, తాళం లోపం అనో రాయాలండి. ఈ కాగితంలో దీనికి గడి లేదు” అన్నాడు. కాసేపు చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

విశారద తన పేరు చెప్పింది, పరాయి వాకిట ఎవరూ చెప్పని కాలంలో. అతనూ చెప్పాడు, చాలా కాలంగా వాడని వస్తువును బయటికి తీసినట్టు, గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం ఆమె అమ్మతో గుడికి వెళ్లింది. పదిహేనేళ్లుగా మాణిక్యాంబ ప్రతి సోమవారం రెండు అర్చనలు చేయిస్తుంది, ఒకటి కూతురికి, ఒకటి కూతురిని బతికించిన మనిషికి. రెండోది వచ్చేసరికి పూజారి గోత్రం, పేరు చెప్పవలసిన చోట ఒక ఊపిరి సేపు మౌనంగా ఆగి, మంత్రం కొనసాగిస్తాడు. ఆ ఖాళీ దేవుడే నింపుకుంటాడని ఆవిడ నమ్మకం.

మొదటి అర్చన అయింది. రెండోది మొదలైంది. పూజారి అలవాటు చొప్పున ఆగాడు. మాణిక్యాంబ అలవాటు చొప్పున కళ్లు మూసుకుంది.

విశారద, గుడంతా వినబడేలా, అంది:

“జకరయ్య.”