పుల్లనీళ్ళ సీసా

పొద్దున్నే ఒక జల్లు కొట్టి వెలిసింది. కలకత్తాలో, భవానీపూర్ సందులో చేపలమ్మే మనిషి కేకా, మూడో అంతస్తులో శారద కాఫీ గిన్నెల చప్పుడూ ఒక్కసారే మొదలయ్యాయి. భర్త భానుమూర్తితో కలిసి ఆమె పార్వతీపురం నుంచి కొడుకింటికి వచ్చి ఇంకా వారం తిరగలేదు. ఇదివరకు వచ్చినా రెండ్రోజులుండి వెళ్ళిపోయేవారు. ఈసారి మనవరాలి పుట్టినరోజు కలిసొచ్చిందని నెల్లాళ్ళు ఉందామని వచ్చారు.

శారదకి ఒక జబ్బుంది. మందులేని జబ్బు. ఎవరింటికి వెళ్ళినా ఆ వంటింటిని సర్దకపోతే ఆమెకి కాలూ చెయ్యీ ఆడదు. వచ్చిన మర్నాడే కోడలి పోపుడబ్బాలో ఆవాలూ, మెంతులూ, జీలకర్రా, సోంపూ, నల్లజీలకర్రా కలగలిసి ఉండడం చూసి, ‘పాపం, ఉద్యోగం హడావిడిలో అన్నీ ఒకే దాంట్లో ఒలకబోసుకుంది పిల్ల’ అని జాలిపడింది. మధ్యాహ్నమంతా కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఏ గింజకాగింజ ఏరి, వేరువేరు డబ్బాల్లో పోసింది. అది బెంగాలీవాళ్ళ పాంచ్‌ఫోరన్ అనీ, ఆ అయిదూ కావాలనే కలుపుతారనీ ఆమెకేం తెలుసు! సాయంత్రం బడి నుంచి వచ్చిన కోడలు అరుంధతి చూసింది. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి చూసి, నవ్వేసి, “భలే ఓపిక, మామణీ!” అంది. అత్తగారిని మామణీ అని పిలవడం ఆమెకి అలవాటు. శారద దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టేసుకుంది.

జల్లు కొట్టిన ఈ రోజే మనవరాలు వసుధకి ఏడేళ్ళు నిండుతున్నాయి. అరుంధతి పాఠాలు చెప్పే బడిలోనే పిల్లా చదువుతోంది. శనివారం ఒంటిపూట బడి. తండ్రి జయదేవ్ బ్యాంకు పనిమీద పొరుగూరు వెళ్ళాడు, సాయంత్రానికి వస్తానన్నాడు.

“మామణీ, పాలు ఎక్కువ తెప్పించాను,” అంది అరుంధతి చెప్పులేసుకుంటూ. ఎనిమిదేళ్ళ కాపురంలో తెలుగు బాగానే పట్టుబడింది ఆమెకి. “మీరు పరమాన్నం చెయ్యండి. నేను మధ్యాహ్నం వచ్చి పాలు విరిచి సందేశ్ చేస్తాను.”

“శంఖం సందేశ్ నానమ్మా! దిదా చేసేది కదా, అలాంటి అచ్చులోదే!” అని ఎగిరింది వసుధ. దిదా అంటే అమ్మమ్మ. అరుంధతి తల్లి పోయిన చలికాలంలోనే కాలం చేసింది. పిల్ల మాటకి అరుంధతి ముఖం ఒక్క క్షణం మబ్బేసింది. గబుక్కున పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

పరమాన్నం ఎంతసేపు! బియ్యం కడిగి పక్కన పెట్టి, ‘పుట్టినరోజుపూట ఇల్లు శుభ్రంగా ఉండాల’ని శారద ఫ్రిజ్ తలుపు తీసింది. పై అరలో ముందువైపు తన పెరుగు గిన్నె ఉంది. వచ్చిన రోజున, “దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు,” అని ఆమె చెబితే, ఎందుకని కూడా అడక్కుండా అరుంధతి ఆ అర ఖాళీ చేసి ఇచ్చింది. ఆ గిన్నె వెనకాల, గోడకి ఆనించి, వెడల్పుమూతి గాజుసీసా ఒకటి కనబడింది. అందులో పచ్చటి నీళ్ళు, అడుగున తెల్లటి మడ్డి.

మూత తీసింది. గుప్పున పులిసిన వాసన.

“రామ రామ! ఏటండీ ఇది, ఏ కాలంనాటిదో! పసిపిల్ల తిరిగే ఇంట్లో!” అని హాల్లో పేపరు చదువుతున్న భర్తకి వినబడేలా అని, నీళ్ళన్నీ సింకులో ఒంపేసింది. సీసాని చింతపండుతో తోమింది, సబ్బుతో తోమింది, మరుగునీళ్ళు పోసి మళ్ళీ కడిగింది. తుడిచి ఆరబెట్టి, ఊరినుంచి తెచ్చిన పలాస జీడిపప్పు నిండా పోసి గట్టుమీద ఎదురుగా పెట్టింది. కోడలు రాగానే కంటికి ఆనాలని.

మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వచ్చేసరికి ఇల్లంతా యాలకుల వాసన. అరుంధతి బ్యాగు కుర్చీలో పడేసి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొయ్యిమీద పెట్టి ఫ్రిజ్ తీసింది. గిన్నె జరిపింది. కింది అరలు కూడా వెతికింది.

“మామణీ, ఇక్కడ ఒక సీసా ఉండాలి.”

“ఇదిగో, ఎదురుగానే పెట్టేను! అద్దంలా అయింది చూడు,” అంది శారద ముఖమంతా నవ్వుతో.

“అందులో నీళ్ళు?”

“ఆ పుల్లనీళ్ళా? మూత తీస్తే ముక్కు మూసుకోవలసొచ్చిందమ్మా. పారబోసేసేను.”

“అన్నీనా?”

“అన్నీ కాకపోతే, అందులో దాచుకోడానికేటుందే?”

అరుంధతి స్టవ్ ఆపేసింది. జీడిపప్పు సీసాని రెండు చేతుల్తో పట్టుకుని, ఎందుకు పట్టుకుందో తెలియనట్టు నిలబడిపోయింది. శారద నవ్వు మెల్లగా జారిపోయింది.

“అవి మా అమ్మ చేతి నీళ్ళు, మామణీ.”

“అంటే?”

“మా ఇంట్లో నిమ్మకాయ పిండరు. పోయినసారి పాలు విరిచిన నీళ్ళు దాచి, వాటితోనే మళ్ళీ విరుస్తారు. అమ్మకి పెళ్ళైనప్పుడు వాళ్ళమ్మ ఇచ్చింది. ప్రతి ఆదివారం విరిచేది, నీళ్ళు మళ్ళీ సీసాలో పోసుకునేది. అమ్మ పోయాక సీసా తెచ్చుకున్నాను. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.” బొటనవేలితో సీసా మూతని నిమిరింది. “చీరలు అక్క తీసుకుంది. నేను ఈ సీసా ఒక్కటే అడిగాను.”

తనేం చేసిందో శారదకి అర్థమైంది. కానీ తప్పు చేసిన మనిషికి నోరు ముందు లేస్తుంది కదా, అలాగే లేచింది.

“నాకేటి తెలుసమ్మా? వెళ్ళేటప్పుడు ఓ ముక్క చెప్పొచ్చు కదా! ఇంతోటి నీళ్ళకి ఇంత రాద్ధాంతమా? ఒక్క నిమ్మకాయ పిండితే విరగవా పాలు? అంతగా కావలిస్తే వీధి మొదట్లో దుకాణం నిండా సందేశే. మీ మావగారు ఇప్పుడే వెళ్ళి తెస్తారు.”

అరుంధతి గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

“పాంచ్‌ఫోరన్ ఏరేశారు, నవ్వాను. వాసనొస్తోందని ఆవనూనె సీసా బాల్కనీలో పెట్టేశారు, ఊరుకున్నాను. ప్రేమతోనే చేస్తున్నారనుకున్నాను. ఇదీ ప్రేమతోనే చేశారు, నాకు తెలుసు. అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలీడం లేదు.” కళ్ళు తుడుచుకుంది. “పారేసే ముందు ‘ఇది నీకేమిటి’ అని ఒక్కసారి అడగొచ్చు కదా, మామణీ?”

సీసా గట్టుమీద పెట్టేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడైనా చెయ్యకుండా మూసుకుంది. గుమ్మంలో నిలబడ్డ వసుధ, “ఇంక సందేశ్ లేదా నానమ్మా?” అని అడిగింది.

శారద హాల్లోకి వచ్చి భర్త పక్కన కూలబడింది. “విన్నారా? నేనేదో కక్షగట్టి చేసినట్టు! పుల్లనీళ్ళండీ, కుళ్ళు కంపు! పండగపూట ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నాకు పాపం చుట్టుకోదూ?”

భానుమూర్తి మాటల పొదుపరి. పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, ఆమెకేసి చూశాడు.

“హౌరాలో దిగినప్పుడు కూలీకి సామానంతా ఇచ్చేవు. ఒక్కటి ఇవ్వలేదు. ఏటది?”

శారద చూపు వంటింటి వైపు తిరిగింది.

“తోడు గిన్నె. రైలంతా ఒళ్ళోనే పెట్టుకు కూర్చున్నావు. కాస్త నడుం వాల్చవే అంటే, ‘ఒలికిపోతే మా అమ్మ పెరుగు మళ్ళీ ఎక్కణ్ణుంచొస్తాదండీ’ అన్నావు. కలకత్తాలో పెరుగు దొరకదా? మట్టి ముంతల్లో పోసి వీధివీధినా అమ్ముతున్నారు.”

ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నాడు. ఆ మాట చాలు శారదకి.

కొత్తగా కాపురానికి వెళ్ళేటప్పుడు తల్లి చిన్న గిన్నెలో పెరుగు పోసి, గుడ్డ వాసెన కట్టి ఇచ్చింది. ఆ పెరుగులోంచే రోజూ ఒక చెంచా రేపటికి. భర్త బదిలీలన్నిటికీ ఆ గిన్నె తనతోనే తిరిగింది. తుఫానొచ్చి ఊరికి కరెంటు లేనప్పుడు నీళ్ళకుండలో పెట్టి కాపాడుకుంది. తల్లి పోయి ఎన్నేళ్ళైందో! అయినా రోజూ అన్నంలో ఆఖరి ముద్ద కలుపుకునేటప్పుడు ‘అమ్మ పెరుగు’ అనే అనుకుంటుంది. ఆ గిన్నెకి చోటివ్వడానికే కదా ఆ పిల్ల తన తల్లి సీసాని వెనక్కి జరుపుకుంది! ఎవరో వచ్చి ఈ గిన్నెని తోమేసి జీడిపప్పు పోసి ఉంటే? 

శారద లేచి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసింది. కోడలి గది తలుపు మెల్లగా తట్టింది.

“అరుంధతీ, ఓసారి వంటింట్లోకి రామ్మా.”

అరుంధతి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దావిడ పిలిచిందని వచ్చింది, అంతే. 

“తప్పు నాదేనమ్మా,” అంది శారద. “అడక్కపోవడం నా తప్పు. దుకాణం మాట అనడం అంతకంటే తప్పు. ఆ నీళ్ళు నేను తిరిగి తేలేను. మీ అమ్మది పోయింది, నా చేత్తోనే పోయింది.” గిన్నె ముందుకు చాపింది. “ఇది మా అమ్మది. ఆవిడిచ్చిన తోడే, ఇన్నేళ్ళూ తెగకుండా వస్తోంది. దీంతో విరుగుతాయా పాలు?”

అరుంధతి గిన్నెకేసీ, అత్తగారికేసీ మార్చి మార్చి చూసింది. ఎందుకు ఎవరూ ముట్టుకోకూడదన్నారో ఆమెకి ఇప్పుడర్థమైంది.

“విరుగుతాయి. కానీ పెరుగుతో అయితే చాలా పొయ్యాలి, మామణీ.”

“ఎంత కావలిస్తే అంత.”

పాలు మళ్ళీ పొయ్యెక్కాయి. పాలు విరిగితే ఆ రోజంతా మనసు బాగోని మనిషి శారద. పుట్టినరోజునాడు పాలు విరగడమంటే ఎంత అశుభమో పార్వతీపురంలో ఎవర్నడిగినా చెబుతారు. పాలు పొంగగానే అరుంధతి మంట ఆపి, “ఇప్పుడు,” అంది. శారద కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుని, చిలికిన పెరుగు పోసింది. అరుంధతి గరిటె తిప్పింది. పాలు కదిలాయి గానీ విరగలేదు. ఇంకొంచెం. ఇంకొంచెం. ఉన్నట్టుండి పాలు తరకలు తరకలుగా విడిపోయి, పచ్చటి నీళ్ళు పైకి తేలాయి.

“విరిగేయి! విరిగేయమ్మా!” అని కేకేసింది శారద, పాలు విరిగినందుకు సంతోషించిన మొదటి రోజు అదే. ఆ ఊపులో, మిగిలింది కూడా ఒంపేద్దామని గిన్నె పూర్తిగా వంచేసింది.

అరుంధతి గరిటె వదిలేసి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఉండండి! రేపటికో?”

శారద గిన్నెలోకి చూసింది. అడుగున చెంచాడు పెరుగు. తన అపరాధం దులుపుకునే తొందరలో తోడుకి ఉంచాలన్న సంగతే మర్చిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ మర్చిపోనిది.

అరుంధతి ఆ గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుంది. పక్కన కాచి ఉంచిన పాలు వేలితో వేడి చూసి, అందులో పోసి, చెంచాతో కలిపి, మూతపెట్టి గట్టుమీద ఓ మూల ఉంచింది. గుమ్మంలోంచి తొంగిచూస్తున్న కూతురికి అచ్చం శారద గొంతుతోనే చెప్పింది. “దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.”

అంతే, శారదకి ఏడుపు ఆగలేదు. తను చెయ్యలేని పని ఆ పిల్ల చేసింది. తల్లి చేతిది పోగొట్టుకున్న పిల్ల, పోగొట్టినదాని తల్లిది నిలబెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కుతుంటే అరుంధతి దగ్గరకొచ్చి భుజంమీద తల ఆన్చింది. “మా అమ్మ గుర్తొచ్చింది, అంతే. ఇంకేం లేదు, మామణీ,” అని తనూ ఏడ్చింది. హాల్లో పేపరు ఒక్కసారి గట్టిగా రెపరెపలాడింది.

విరుగుని గుడ్డలో వడకట్టి పంపుకి వేలాడదీశారు. జీడిపప్పు వేరే డబ్బాలోకి మారింది. దిగిన పచ్చటి నీళ్ళు సీసాలో పోసి మూతబిగిస్తూ అరుంధతి ఒక్క నిమిషం దాన్ని వెలుతురుకెత్తి చూసింది.

“మీ అమ్మది కాదు కదమ్మా,” అంది శారద నెమ్మదిగా.

“కాదు,” అంది అరుంధతి. సీసాని కిందికి దించి, “సీసా అమ్మదే కదా,” అంది.

సాయంత్రం జయదేవ్ వచ్చేసరికి శంఖాల సందేశ్‌లు పళ్ళెంనిండా ఉన్నాయి. ఏం జరిగిందో ఎవరూ అతనికి చెప్పలేదు. వసుధ ఒకటి కొరికి, “దిదా సందేశ్‌లా లేదు. కొంచెం పులుపు,” అని తీర్పు చెప్పింది. రెండు ఇళ్ళ ప్రాణాలూ ఆ పిల్ల నోటిమీదే ఉన్నాయని దానికేం తెలుసు! ఇంకో శంఖం చేతిలోకి తీసుకుని, “కానీ బావుంది,” అంది. పరమాన్నం గిన్నె మాత్రం జయదేవే ఖాళీ చేశాడు.

ఆదివారం పొద్దున్న అరుంధతి నిద్రలేచి వచ్చేసరికి శారద వంటగట్టు దగ్గర కూర్చుని ఉంది. ముందు అయిదు డబ్బాలు, మధ్యలో ఖాళీ పోపుడబ్బా. ఏ డబ్బా మూతా తియ్యలేదు.

“నీకోసమే చూస్తున్నానమ్మా,” అంది. “ఏది ఎంత కలపాలో చెప్పు.”

అరుంధతి నవ్వుతూ వచ్చి, ముందు ఆ మూలనున్న గిన్నె మూత తీసింది. వేలితో అంచు మెల్లగా నొక్కి చూసింది.

“మామణీ, గట్టిగా తోడుకుంది.”