లోపలి వైపు బటన్

మామిడి సీజన్ ముగింపుకొచ్చింది. చిత్తూరు శివార్లలోని ఆ గుజ్జు ఫ్యాక్టరీ ముందు నందిని బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆవరణంతా పులిసిన మామిడి వాసన. వారం నుంచీ ఆమెకు తిరుపతికీ ఇక్కడికీ ఇదే తిరుగుడు. కోల్డ్ రూముల తలుపులు తెరిచే కంట్రోలర్ పెట్టె వాళ్ళ చిన్న కంపెనీ చేసిందే. దాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాసినతను ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. తిప్పలన్నీ ఈమె నెత్తిన పడ్డాయి.

సూపర్‌వైజర్ యోగానంద గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"ఈ పొద్దు మన కూలీ నిర్మలమ్మ కోల్డ్ రూములో ఇరుక్కుపోయిందమ్మా. బటన్ ఎంతసేపు నొక్కినా తలుపు రాలేదు. తాళంచెవితో తీసి బయటికి తెచ్చేసరికి పెదాలు నల్లబడిపోయినాయి."

ఆఫీసు గదిలో నిర్మలమ్మ దుప్పటి కప్పుకొని టీ తాగుతోంది. "డ్రైవర్‌దే తప్పంట గదా పాపా. వాడ్ని మార్చేయకూడదా?"

నందినికి నవ్వే ఓపిక కూడా లేదు. "మారుస్తానమ్మా" అంది.

లాప్‌టాప్ తగిలించి చూస్తే జబ్బు తెలిసిపోయింది. తలుపులన్నిటికీ కలిపి డ్రైవర్‌లో ఉన్నది ఒకటే లాక్, వంతు చీటీ లాంటిది. ఒక తలుపు దాన్ని పట్టుకుంటే, అది వదిలేదాకా మిగతావన్నీ ఆగాల్సిందే. చివరి గది దాన్ని వదలడం లేదు. లోపలి నుంచి ఎవరో బటన్ నొక్కుతూనే ఉన్నట్టు సంకేతాలు వస్తున్నాయి; ప్రతి నొక్కుకూ పని మళ్ళీ మొదటికొచ్చి, ఆ తలుపూ తెరుచుకోవడం లేదు.

"చివరి గదిలో ఎవరున్నారన్నా?"

"ఎవురూ లేరే. కంప్రెసర్ పోయిందని పోయినేడే మూసేసినాం."

బటన్ ఇరుక్కుందేమో అనుకుంది. కానీ ఇరుక్కున్న బటన్ అలా నొక్కదు. గబగబా కొన్నిసార్లు... కాస్త విరామం... మళ్ళీ గబగబా. చెయ్యి నొప్పి పుట్టి ఆపినట్టు.

ఇద్దరూ వెళ్ళారు. యోగానంద తాళంచెవితో తలుపు తీసి, కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. లోపల చీకటి. తడిసిన గోనెల వాసన. నందిని సెల్‌ఫోన్ వెలుతురులో స్క్రూలు విప్పి బటన్‌ను గోడ నుంచి పీకేసింది. వైర్లకు టేపు చుట్టి, తలుపు మూయించి, ఆఫీసుకు తిరిగొచ్చింది.

స్క్రీన్ మీద సంకేతాలు ఆగలేదు.

బటన్ ఆమె అరచేతిలో ఉంది. కదలడం లేదు. అక్కడ మాత్రం... నొక్కుతున్నారు.

"అన్నా," అంది గొంతు తగ్గించి. "ఆ గదిలో ఎవరైనా పోయారా?"

"లేదమ్మా. కట్టినప్పుడు కాణ్ణించీ నేనీడనే ఉండా. ఎవురూ పోలేదు." ఆ మాట చెప్పాక అతనికే భయం పట్టుకున్నట్టుంది.

వైర్లలో తేమ చేరిందని సర్దిచెప్పుకుంది. అంతకు మించి ఆలోచించే శక్తి లేదు. ఆ గదిని డ్రైవర్ పట్టించుకోకుండా చేస్తే ఇంటికి పోవచ్చు. కానీ లోపలి బటన్‌ను ఏ కారణంతోనూ తోసిపుచ్చకూడదు. లోపల మనిషి ఉంటే? అందుకే చేయవలసిన పనే చేసింది. ప్రతి తలుపుకూ విడిగా ఒక లాక్ రాసింది, మొదటి నొక్కుకే తెరుచుకునేలా. ఇక ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు.

పెట్టెను మళ్ళీ ఆన్ చేసింది. యోగానంద వరసగా బటన్లు నొక్కి చూశాడు. తలుపులు టక్కుటక్కున తెరుచుకున్నాయి. నిర్మలమ్మ దుప్పటి మడిచి పెట్టి, "సల్లగుండు తల్లీ" అని ఇంటికి పోయింది.

దూరంగా ఇంకో టక్. చివరి గది.

సంకేతాలు ఆగిపోయాయి.

కాసేపటికి యోగానంద ఫోన్ చేశాడు. "తలుపు దానంతటదే తెరుచుకొనుండాదమ్మా. లోపల ఎవురూ లేరు. మూసేసినా."

నందిని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ఇంక బస్సెక్కి పడుకోవడమే.

తలుపు దగ్గర టక్ మంది.

ఈ ఆఫీసు తలుపు కూడా ఆ పెట్టెకు కలిపినదే. స్క్రీన్ మీద కొత్త వరుస పడింది. ఆఫీసు... లోపలి బటన్.

గదిలో ఆమె ఒక్కతే ఉంది. బటన్‌కు చాలా దూరంగా.

తలుపు మెల్లగా తెరుచుకుంది. ఒక మనిషి దాటేంత సేపు అలాగే ఉండి, మెల్లగా మూసుకుంది. వెళ్ళిపోయింది, అనుకుంది నందిని. లాప్‌టాప్ మూయబోయింది.

గోడ మీద బటన్ మళ్ళీ లోపలికి నొక్కుకుంది.

తలుపు ఇంకో మనిషి దాటేంత సేపు తెరుచుకుంది. మూసుకుంది.

మళ్ళీ...