గొట్టంలో ఇరుక్కున్న వేలు

ఆదివారం పొద్దున ఎనిమిదైనా షెడ్డులోంచి ఆకురాయి చప్పుడు వినబడకపోయేసరికి మాస్టారి భార్యకు అనుమానం వచ్చింది. రిటైరైన దగ్గర్నుంచీ ఆ లెక్కల మాస్టారు సొంతంగా కారు కడుతున్నారు. ఆరేళ్లకు ఇనుప గొట్టాల చట్రం ఒకటి నిలబడింది. చక్రాలు ఇంకా రాలేదు గానీ తుప్పు మాత్రం వచ్చేసింది.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది."

"ఇక్కడికే పట్రా."

"రోజూ మీరే వస్తారుగా."

"ఇవాళ రాలేను."

ఆవిడ వెళ్లి చూస్తే, డ్రైవర్ సీటు రావలసిన చోట మాస్టారు గొంతుక్కూర్చుని ఉన్నారు. కుడిచేతి చూపుడువేలు సగం దాకా గొట్టంలో ఉంది.

"పెయింటు ఉబ్బి ఉంటే, ఎంత మెత్తబడిందో చూద్దామని పొడిచాను."

"చూశారుగా, తీసెయ్యండి."

"రేకు అంచులు లోపలికి వంగి పట్టేశాయి. లాగితే కోస్తోంది."

ఆవిడ సబ్బునీళ్లు పోసింది. వంటనూనె పోసింది. వేలు జారలేదు గానీ ఆవిడే జారి కూలబడింది. లేచి చీర దులుపుకుని, "అమ్మాయికి ఫోన్ చేస్తున్నా" అంది.

"దానికెందుకు?"

"మీకు తెలిసిన వెల్డర్ ఇంకెవరన్నా ఉన్నారా?"

కూతురు ఇంజనీరింగ్ రెండో ఏడు మానేసి వెల్డింగ్ నేర్చుకుంది. రెండు వీధుల అవతల షాపు పెట్టి మూడేళ్లయినా మాస్టారు అటు తొంగిచూడలేదు. ఈ చట్రాన్ని కూడా ఊరి చివర నుంచి ఎవరినో పిలిపించి అతికించుకున్నారు. ఆ రాత్రి కూతురు అన్నం ముట్టుకోలేదని ఆవిడకొక్కదానికే తెలుసు.

పది నిమిషాల్లో కూతురు సంచీ భుజాన వేసుకుని వచ్చింది. వంగి వేలు చూసింది. నవ్వాపుకోవడానికి చాలా కష్టపడింది.

"గ్రైండర్ పెడితే వేడెక్కుతుంది నాన్నా. రంపంతోనే కోస్తాను. కదలకండి" అంటూ కోయడం మొదలుపెట్టింది.

"కదిలే వీలుంటే నిన్నెందుకు పిలుస్తాం?"

"అవును. వీలుంటే పిలవరు."

రంపం చప్పుడు ఆగిపోయింది. మాస్టారు అటు తిరిగి కూర్చుందామనుకున్నారు గానీ వేలు తిరగనివ్వలేదు.

"నిన్ను చదువు మానెయ్యమని నేను చెప్పానా?" అన్నారు చివరికి.

"లేదు. మానేశాక నాతో మాట్లాడటం మానెయ్యమని మీకెవరు చెప్పారు?"

"ముందు వేలు తియ్యవే. తర్వాత ఇద్దరూ తీరిగ్గా పోట్లాడుకోండి" అంది తల్లి.

గొట్టం చీల్చి, అంచులు వెనక్కి వంచి, కూతురు వేలును మెల్లగా బయటికి తీసింది. నెత్తురు చుక్క తుడిచి గుడ్డ చుట్టింది. తర్వాత ఎవరూ అడక్కుండానే చిన్న సుత్తి తీసి ఒక్కో గొట్టం మీదా కొట్టుకుంటూ పోయింది. కొన్ని ఖంగుమన్నాయి. కొన్ని పుచ్చిపోయిన గుమ్మడికాయలా బొదబొదమన్నాయి. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టింది. మొత్తం పదకొండు.

"పైన రెండుసార్లు పెయింటు వేశాను. బరువు ఎక్కడెంత పడుతుందో అంతా లెక్కకట్టాను" అన్నారు మాస్టారు నీరసంగా.

"లెక్క సరిగ్గానే ఉంది. అతికినవాడు చివర్లు మూయకుండా వదిలేశాడు. లోపలికి నీళ్లు దిగి, లోపల్నుంచే తినేశాయి. బయట ఎన్ని పూతలు పూస్తే ఏం లాభం?"

"అయితే పారెయ్యాల్సిందేనా?"

"ఎందుకు? పాడైనంత మేర కోసేసి కొత్త గొట్టం అతికిస్తాను. లోపల నూనె పట్టించి చివర్లు మూసేస్తే మీ తర్వాత కూడా ఉంటుంది. కాకపోతే పట్టుకోవడానికి మనిషి కావాలి."

మాస్టారు గుడ్డ చుట్టిన వేలు వంక చూసుకున్నారు.

"ఆ రోజు నిన్నే పిలవాల్సింది. ఇంతమందికి పాఠాలు చెప్పి, కూతురి దగ్గర నేర్చుకోవాలంటే నామోషీ అనిపించింది. తప్పు చేశాను. పట్టుకోవడానికి నేను పనికొస్తానా?"

కూతురు సంచీలోంచి రెండో వెల్డింగ్ మాస్కు తీసి ఆయన తలకు తొడిగి పట్టీ బిగించింది. మాస్టారు దాన్ని పైకెత్తి కళ్లు తుడుచుకున్నారు.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఏం లేదు. పొగ."

"నేనింకా అంటించనేలేదు నాన్నా" అంది కూతురు.