మూఢం పోయిన తెల్లవారుజాము

పెరట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడుకు గంగాదేవి మేలుకుంది. రొట్టెల కర్ర చేతిలోకి తీసుకుని వంటింటి తలుపు ఓరగా తెరిచింది. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన నాటినుంచి ఈ అర్దియా పేటలో ఈ వేళప్పుడు తిరిగేవాళ్లు రెండే రకాలు: సైనికులు, దొంగలు. పెరట్లో ఉన్నది మాత్రం మూడో రకం.

"డ్రైవరూ! బుద్ధుందా నీకు? బాబా టెలిస్కోపు యాడికి ఎత్తకపోతాండావ్?"

"యాడికీ ల్యా. ఈడికే," అన్నాడు ఆంజి, మూడు కాళ్ల స్టాండును ఇసుకలో సర్దుతూ. "ముందు ఆ కర్ర కింద పెట్టు. సైనికులకంటే అదంటేనే నాకు భయం."

ఆమెకు నవ్వొచ్చింది. బయటికి రానివ్వలేదు.

వీళ్లు బాబా, మామా అని పిలిచే యజమానులు వేసవికని లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. వెళ్లేముందు మామా తాళాలు గంగాదేవి చేతిలో పెట్టింది. ఇంటికి ఇప్పుడు వాళ్లిద్దరే దిక్కు. గేటు పక్క గదిలో కారు డ్రైవరు ఆంజి, వంటింటి వెనక గదిలో వంటమనిషి ఆమె. రొట్టెల బట్టీలో పనిచేసే రాయచోటి ఖాజా హుస్సేన్ ఒక బస్సు మాట్లాడాడు. తెల్లారగానే బయల్దేరి, బస్రా మీదుగా జోర్డాన్ చేరి, అక్కడ విమానం ఎక్కాలి. వీళ్లిద్దరికీ సీట్లు ఆపి ఉంచాడు. ఆంజి వెళ్దామన్నాడు. గంగాదేవి రానంది.

"కడపలో దిగినాక ఎవరితో వచ్చినావంటే ఏం చెప్పాల? డ్రైవరుతో అనా?" అని రాత్రి అడిగింది.

"మొగుడితో అని చెప్పు."

ఆ మాట అతను అనడం రెండోసారి. మొదటిసారి సైన్యం రాకముందు, కూరగాయల సంచులు కారులో పెడుతూ అన్నాడు. అప్పుడామె దొరికిన సాకు పట్టుకుంది. ఊరినుంచి కొత్తగా వచ్చిన మద్దమ్మ, గురుమూఢం వచ్చి పెళ్లిళ్లన్నీ ఆగాయని చెప్పింది. "మూఢంలో మంచిమాట ఎత్తగూడదు. పోయినాక చూద్దాం," అనేసింది గంగాదేవి.

ఆ సాకే ఇప్పుడు స్టాండు మీదికెక్కి కూర్చుంది.

"పంచాంగం ఈ ఊర్లో యాడ దొరుకుతాది?" అన్నాడు ఆంజి, గొట్టాన్ని తూర్పుకు తిప్పుతూ. "మూఢమంటే గురుడు సూర్యుడికాడికి పోయి కనపడకపోవడమే గదా. కనపడినాడంటే మూఢం పోయినట్టే."

"కనపడకపోతే?"

అతను గొట్టం చివరున్న మూత ఊడదీశాడు.

పక్క స్థలం ఖాళీది కావడంతో తూర్పు తెరిపిగా ఉంది. ఎక్కడో ఒక ట్యాంకు మూలిగి ఆగింది. కాసేపటికి ఇసుక మసక పైన ఒక చుక్క పైకి వచ్చింది. దీపం పెట్టినంత వెలుగు.

"అదిగో! గురుడు!"

"నీ మొగం. అది వేగుచుక్క," అంది గంగాదేవి. "మా నాయన అది చూసే ఎద్దుల్ని లేపేవాడు. శుక్రుడది. కారు నడిపినట్టు కాదు, చుక్కలు చూడ్డమంటే."

"కారుకైతే హారనన్నా ఉంటాది," గొణుక్కున్నాడు. కింద వెతికాడు. పైన వెతికాడు. ఆకాశం తెల్లబారుతోంది. ఆ ఒక్క చుక్క తప్ప తూర్పున ఏమీ దొరకలేదు. గొట్టాన్ని దాని వైపు తిప్పి, కన్ను పెట్టకుండానే వదిలేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"సరే. శుక్రుడొక్కడే ఉండాడు. మూఢం పోలా." అతని గొంతులో అల్లరి లేదు. "ఒక పని చేయి. నువ్వు సుల్తాన్‌బీ పక్కన కూర్చోని పో. ఆమె ఖాజాన్న భార్య, ఎవరూ ఏమీ అనరు. నేను ఇంకో బస్సులో వస్తా. నా పేరే ఎత్తద్దు."

ఇంకో బస్సు ఉండకపోవచ్చని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. తెలిసే, ఎంతో మామూలుగా అన్నాడు.

అతను టెలిస్కోపు పెట్టె తేవడానికి లోపలికి వెళ్లాడు. గంగాదేవి ఏం చేయాలో తోచక టెలిస్కోపుకు కన్ను ఆనించింది.

అక్కడ ఒకరు కాదు, ఇద్దరున్నారు. చిన్నగా, తెల్లగా మండుతూ ఒకరు. దాదాపు ఆనుకుని ఇంకొకరు, కాస్త పెద్దగా, మసకగా, పక్కన సన్నటి చుక్కలు వరసకట్టి. మామూలు కంటికి ఒక్కరిగా కనిపించేంత దగ్గరగా ఉన్నారు.

ఆమె చెప్పకపోతే ఆంజికి ఎప్పటికీ తెలియదు. అతను పెట్టెతో వచ్చి మూత తీసేదాకా ఆమె అలాగే వంగి ఉంది.

"ఇద్దరుండారు," అంది.

"ఎవరు? సైనికులా?" పెట్టె కింద పడేశాడు.

"అబ్బా, కాదు! ఆ వెలుగులో ఇద్దరుండారు. గురుడు శుక్రుడి వెనకాలే దాక్కోనుండాడు. వచ్చి చూడు."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. తల తిప్పకుండానే అడిగాడు: "నువ్వు చెప్పకుంటే సరిపోయేది గదా?"

"నువ్వు ఇంకో బస్సులో వస్తానని చెప్పకుంటే నేనూ చెప్పేదాన్ని కాదేమో."

అద్దాలు తుడిచి టెలిస్కోపును పెట్టెలో సర్దారు. బాబా ఎప్పటికైనా వచ్చి వెతుక్కుంటాడు. తాళాలు పక్కింటి మజీదాకు ఇచ్చారు. తల మీది నల్లగుడ్డ సవరించుకుంటూ ఆమె గంగాదేవి చేయి ఒకసారి గట్టిగా నొక్కి, "యల్లా," అంది, ఇక కదలమన్నట్టు.

బస్సు దగ్గర సుల్తాన్‌బీ వాళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"పెండ్లి యాడ?"

"కడపలో, అక్కా," అన్నాడు ఆంజి.

"అయితే కడప దాకా ఈ పిల్ల నా బిడ్డ. ఈడ, నా పక్కన కూర్చుంటాది. నువ్వు ఆ ముందర, డ్రైవరు కాడ. తెలిసిందా?"

బస్సు కదిలింది. వదిలిన ఇళ్లు, కాలిన కార్లు, ఆ తర్వాత వట్టి ఇసుక. ముందు ఏ చెక్‌పోస్టు ఉందో, ఎవరిని దింపుతారో ఎవరికీ తెలియదు. బస్సులో అందరూ ముందుకే చూస్తున్నారు. ఒక్కడు తప్ప.

"ముందుకు చూడబ్బీ!" అని సుల్తాన్‌బీ కసిరింది. "మెడ పట్టేస్తాది!"

బస్సంతా ఒక్కసారి నవ్వింది. గంగాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, ఈసారి నవ్వును ఆపలేదు.