మూత తీయని జాడీ

నీళ్ళ అడుగున దొరికిన సీసా ఏదైనా ఆమె చేతిలో పడిందంటే పుట్టుపూర్వోత్తరాలు బయటపడాల్సిందే. అందుకే రేవులో చిన్నాపెద్దా అందరికీ ఆమె సీసాల వదిన. మునకల్లో ఆరితేరిన మరిది సరస్సు అడుగునుంచి పాత సీసాలు ఏరుకొస్తాడు. ఆమె కడిగి, వయసు చెప్పి, ధర కడుతుంది. భర్త పోయాక ఆ ఇంట్లో వినబడే చప్పుడల్లా గాజుకి గాజు తగిలేదే.

ఆ మధ్యాహ్నం మరిది గోనెసంచి దించి, ముదురాకుపచ్చ జాడీ ఒకటి తీశాడు. గాజు మూత, చుట్టూ లక్క.

"దీని సంగతేంటో చూడు వదినా."

ఆమె వేలితో తడిమింది. అచ్చులో ఊదినప్పుడు పడే అతుకు గీత మెడ కిందే ఆగిపోయింది. మూతి వేరే చేసి అతికించారు. గాజులో నిడుపాటి బుడగలు.

"నోటితో ఊది చేసింది. నూరేళ్ళ పైమాటే. లక్క చెక్కుచెదరలేదు కాబట్టి మంచి ధర పలుకుతుంది."

"నీ నోట్లో పంచదార పొయ్య!" అని నవ్వి, నిలుచున్నవాడు నిలుచున్నట్టే వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే. కూర్చునే తీరిక ఉండదు.

వాన పట్టుకుంది. గదంతా తడి నాచు వాసన. జాడీకి మసక పట్టిందని ఆమె కొంగుతో తుడిచింది. పోలేదు. మసక లోపల ఉంది. చూస్తుండగానే కరిగింది. మళ్ళీ కమ్మింది... కరిగింది...

ఊపిరి.

ఆమె లేచి పారిపోలేదు. ఆ గదిలో తనది కాని ఊపిరి ఆడి ఎన్నాళ్ళయింది! కుర్చీని జాడీ దగ్గరకు జరుపుకుంది.

"ఎవరూ?" అంది గుసగుసగా.

గాజు గబగబా మసకబారింది. తెలియకుండానే ఆమె ఊపిరి దానితో జత కలిసింది. ఆమె వదిలిందల్లా అది పీల్చుకుంటున్నట్టే ఉంది. ఎంత హాయి... కళ్ళు మూతలు పడ్డాయి.

తలుపు దబదబా మోగింది. మరిది, తడిసి ముద్దయి.

"మూత తీయలేదు కదా వదినా?"

"లేదు. ఏం?"

అతను గొంతు తగ్గించాడు. "ఇప్పుడు మళ్ళీ దిగాను. అక్కడ ఇలాంటివే వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ ఖాళీ. అన్నిటికీ మూతలు తీసి ఉన్నాయి. ఇదొక్కటే..."

ఆమె జాడీని ఒళ్ళోకి లాక్కుంది. "ఉండనీ. నాకు తోడుగా ఉంటుంది."

"జాడీ తోడేంటి వదినా!" అంటూనే అతనూ ఆ గాజును చూశాడు. మసక కమ్మింది. కరిగింది. గబుక్కున ఆమె ఒళ్ళోంచి జాడీని లాక్కుని గుడ్డలో చుట్టేశాడు.

ఆమె వెంటే వెళ్ళి పడవెక్కింది. సరస్సు మధ్యలో అతను వదలగానే జాడీ రాయిలా మునిగింది. ఒక్క బుడగైనా రాలేదు. వాన వెలిసి, ఎముకలు కొరికే చలి. ఆమె ఖాళీ ఒడిని చూసుకుంటూ కూర్చుంది.

"పీడ పోయింది," అన్నాడు మరిది తెడ్డు వేస్తూ. మాటతోపాటు నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. "ఇకనుంచి రోజూ వస్తాను. కాసేపు కూర్చుని పోతాను."

ఆమె కళ్ళు చెమర్చాయి. "ఆ మాటన్నావు, అదే పదివేలు. రేపే రా."

తెడ్డు ఆగిపోయింది. మరిది రెప్ప వేయకుండా ఆమె నోటికేసే చూస్తున్నాడు.

"ఏమైంది?"

అతని ముఖం ముందు ఆవిరి కమ్ముతోంది... కరుగుతోంది... గబగబా.

ఆమె నోటి ముందు ఏమీ లేదు.