పడమటి గ్యాలరీ కింద మిషను చప్పుడు

కొంచెం దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

ఆ స్టేడియంలో ఎక్కడైనా తిరగొచ్చు గానీ, పడమటి గ్యాలరీ కింద నడవలోకి మాత్రం పొద్దుపోయాక ఎవరూ వెళ్ళేవారు కాదట. తాటిచెట్లంత ఆటగాళ్ళు కూడా అక్కడికి రాగానే దేవుణ్ణి తలుచుకుని అడుగులు పెద్దవి చేసేవాళ్ళట. ఎందుకంటే... అక్కడ కుట్టుమిషను చప్పుడు. కాళ్ళతో తొక్కే పాతకాలం మిషను. టకటక టకటక... కాసేపు ఆగి— మళ్ళీ టకటక.

స్టేడియం రాకముందు అక్కడొక వీధి ఉండేది. ఆ వీధిలో కిటికీ పక్కన మిషను వేసుకుని ఒకావిడ కూర్చునేది. చుట్టుపక్కల సగం మంది ఒంటిమీద బట్ట ఆవిడ చేతిదే. ఆవిడకో అలవాటు. కత్తెర ఒళ్ళోనే ఉన్నా సరే, కుట్టు పూర్తికాగానే దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపేది. "కత్తెర తుప్పు పడుతుంది అత్తయ్యా," అని కోడలు వేళాకోళం చేస్తే, "నా పళ్ళు పట్టవులేవే," అనేది.

మన కథ ఆ కోడలిదే. ఊరంతా ఆవిణ్ణి జెర్సీల అక్క అంటారు.

ప్రజా ప్రయోజనం కోసం వీధి మొత్తం తీసుకుంటామని సర్కారువాళ్ళు వచ్చినప్పుడు, కదలనన్నది అత్తగారే. ఆవిణ్ణి చూసి వీధంతా కదలనంది. అప్పుడు ఆవిడ చిన్నకొడుకు, అంటే అక్కకి మరిది, తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఎవరో కోటీశ్వరుడి కోసం కాదమ్మా. మన ఊరి జట్టు. గుండెల మీద మన ఊరి పేరు వేసుకుని ఆడతారు. ఆ పేరు కుట్టే పని మనింటికే ఇస్తారట. కుట్టుగది కూడా సరిగ్గా మనిల్లున్న చోటే కడతారట!"

జట్టు ఓనరు స్వయంగా వచ్చాడు. ఆ కిటికీ పక్కనే నిలబడి దేవుడి మీద ఒట్టేశాడు. భగవంతుడి పేరు నాలుక మీదకి రావడం పుణ్యమే గానీ, కొందరి నాలుక మీదకి ఎందుకొస్తుందో ఆయనకే తెలియాలి.

ఆవిడ సంతకం పెట్టింది. ఆవిడ వెనకే వీధంతా పెట్టింది.

బుల్డోజరు వచ్చిన రోజు మిషను బయటికి తెచ్చుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. గోడతోపాటు అదీ నలిగిపోయింది. ఆవిడ అద్దెగదిలో మంచం పట్టి, మొదటి మ్యాచ్ చూడకుండానే కన్నుమూసింది. పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని అన్నది ఒకటే మాట— "ఇల్లు పోతే పోయింది. ఆ పేరు మాత్రం ఊడకుండా కుట్టవే."

పాతింటి చోటే, పడమటి గ్యాలరీ కింద కట్టిన కుట్టుగదిలో అక్క అలాగే కుట్టింది, ఏళ్ళ తరబడి. నడవలో చప్పుడు గురించి ఎవరేమన్నా, పగలు తన పని తాను చేసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరేది. జట్టు గెలిచి, జనం ఆ జెర్సీలేసుకుని రోడ్డు మీదకొచ్చి గంతులేస్తుంటే, "చూశావా అత్తయ్యా," అనుకునేది.

ఆ ఏడాది కప్పు కూడా గెలిచారు. తెల్లారితే ఊరేగింపు.

"నడుము నొప్పంటున్నావుగా వదినా, ఈ నాలుగు రోజులూ రాకు. నేను చూసుకుంటా," అన్నాడు అదే కుట్టుగదిలో పనిచేసే మరిది. ఎంత ప్రేమో అనుకుంది, పిచ్చితల్లి. కానీ కెప్టెన్ జెర్సీ భుజం దగ్గర చిరిగితే, దాన్ని ఇంటికి తెచ్చుకుని బాగుచేసింది. ఊరేగింపులో వేసుకోవాలి కదా, ఇచ్చేసి వద్దామని రాత్రే బయల్దేరింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వాడు. "ఏంటక్కా ఈ వేళప్పుడు? అత్తగారితో కబుర్లకా?"

"నోరు మూసుకో. బతికున్నప్పుడే ఆవిడకి మిషను తప్ప మనుషులు పట్టేవాళ్ళు కాదు. అదేంటి, ఆ లారీ?"

"ఏవో పాత సామాన్లట..." అని వాడు మొహం తిప్పుకున్నాడు.

నడవలో లైట్లు లేవు. తడిసిన గడ్డి వాసన. గోడ పట్టుకుని నడుస్తోంది...

టకటక టకటక.

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. జెర్సీని గుండెకి అదుముకుని దేవుణ్ణి తలుచుకుంది. చప్పుడు ఆగింది. చూస్తే— కుట్టుగది తలుపు కింద సన్నటి వెలుగు! దెయ్యానికి దీపమెందుకు? ఆ ధైర్యంతోనే తలుపు తోసింది.

లోపల మరిది. నేలమీద, జెర్సీల గుట్ట మధ్య కూర్చుని, చేతిలో బ్లేడుతో ఒక్కో జెర్సీ మీద ఊరి పేరు విప్పుతున్నాడు. పీకిన అక్షరాలు చుట్టూ చేపపొలుసుల్లా పడున్నాయి. పక్కన అట్టపెట్టెలో కొత్త అక్షరాలు... ఇంకో ఊరి పేరు.

"అరవకు వదినా," అన్నాడు గుసగుసగా. "జట్టు వెళ్ళిపోతోంది. అక్కడెవరో కొత్త స్టేడియం కట్టిస్తున్నారట. ఊరేగింపు అయ్యాక చెప్తారు. ముందే తెలిస్తే జనం ఊరుకోరని..."

"మీ అమ్మ ఇల్లిచ్చింది దేనికిరా?"

వాడు తలెత్తలేదు. "నాకక్కడ ఉద్యోగం ఇస్తామన్నారు."

అక్కకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "కన్నతల్లి పేరు చెప్పి దెయ్యమని పుకారు పుట్టించి, జనం ఇటు రాకుండా మిషను తొక్కుతున్నావా? సిగ్గులేదూ?"

మరిది చేతిలో బ్లేడు ఆగింది.

"మిషనా...? ఉన్న మోటారు మిషన్లు పొద్దుటే లారీ ఎక్కించేశారు. ఇక్కడ మిషను ఎక్కడుంది వదినా? ఆ చప్పుడు... నువ్వూ విన్నావా?"

అక్క చుట్టూ చూసింది. నాలుగు గోడలు. అంతే.

ఒకప్పుడు అత్తగారి కిటికీ ఉన్న వైపు నుంచి— టకటక టకటక టకటక. ఆగింది.

పుటుక్.

విప్పేసి గోడవారగా పడేసిన జెర్సీల్లో పైదాన్ని అక్క తిప్పింది. గుండెల మీద ఊరి పేరు... మొత్తం, ఒక్క అక్షరం పోకుండా, ఉంది. చివర దారం కొస చిన్నగా వేలాడుతోంది.

వేలితో ముట్టుకుంది.

తడిగా ఉంది.